విజిలమ్మ జ్ఞానదంతం

ఉత్తరమూ పన్నునొప్పీ ఒకే పూట ఆ ఇంటి గడప తొక్కాయి. నిజం చెప్పాలంటే నొప్పి రెండు నెలల ముందే వచ్చి, లవంగం ముక్కల చాటున నక్కి కూర్చుంది. ఉత్తరం వచ్చిన గురువారం నాడు మాత్రం ఇక దాక్కోవడం తన వల్ల కాదని బయటపడింది.

ఉత్తరంలో ఉన్నది నాలుగే వాక్యాలు. ఆ ఇంటావిడ మెట్ల మీద నిలబడే చదివింది. ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్‌కి ప్రధాన రిఫరీగా మిమ్మల్ని ఎంపిక చేశాం, ఆట ఈ ఆదివారం కాదు, ఆ పై ఆదివారం, సాయంత్రం నాలుగింటికి, అంగీకారం తెలియజేయగలరు. మళ్ళీ చదివింది. మూడోసారి చదవబోయి, ఆగలేక, నలభై రెండేళ్ళ మనిషి, ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు, మూడు మెట్లు ఒక్క గెంతులో దూకింది. కాళ్ళు నేలకి తాకీ తాకగానే కుడి దవడలోంచి చెవి దాకా మెరుపు మెరిసినట్టయింది. "అమ్మో!" అని గోడ పట్టుకుంది.

పద్నాలుగేళ్ళుగా లీగ్ ఆటల్లో ఆవిడ గీత పక్కన జెండా పట్టుకుని పరుగెత్తింది. బంతి గీత దాటిందా లేదా, ఆటగాడు ముందుకు దూరాడా లేదా, అంతవరకే ఆవిడ మాట. ఆట నడిపే విజిల్ ఎప్పుడూ మధ్యలో ఉన్న మగవాడి నోట్లో ఉండేది. బడి మైదానంలో, వీధిలో ఆవిడ విజిల్ మోగని రోజు లేదు కాబట్టి ఆవిడని అందరూ విజిలమ్మ అంటారు. ఫైనల్లో మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా మోగలేదు.

కింద కొట్లో గ్యాస్ పొయ్యిలూ ప్రెషర్ కుక్కర్లూ బాగుచేసే భర్త, ఆ "అమ్మో" విని, చేతిలో కుక్కర్ మూతతోనే పైకి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందోయ్? పడ్డావా?"

ఆవిడ ఒక చేత్తో దవడ, ఒక చేత్తో ఉత్తరం పట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది కూడా. ఆయన ఉత్తరం చదివాడు. కుక్కర్ మూతని తప్పెటలా మోగించాడు.

"అమ్మా! నీ కోడలు ఫైనల్ ఆడిస్తోందే!"

"ఆడించనీ," అన్నారు అత్తగారు లోపల్నించి. "ముందు ఆ దవడ చూపించమను. రెండు నెలల్నించి ఒక పక్కనే నములుతోంది. నేను గుడ్డిదాన్ని అనుకుంటోంది."

*

పళ్ళ డాక్టరమ్మ ఒకప్పుడు ఆవిడ శిష్యురాలే. బడి జట్టుకి గోల్‌కీపర్. ఎక్స్‌రే ఫిల్మ్‌ని దీపానికి ఎదురుగా పెట్టి, ఒకటే ఉత్సాహంగా చూపించింది.

"చూడండి టీచర్. జ్ఞానదంతం నిలువుగా రావలసింది, అడ్డంగా పడుకుంది. పక్క పన్నుని కాలితో తోస్తోంది. మీ భాషలో చెప్పాలంటే ఫౌలు."

"నలభై రెండేళ్ళకి వచ్చిందా జ్ఞానం?" అన్నాడు భర్త.

"నాకు వచ్చింది. కొందరికి ఎప్పటికీ రాదు," అంది ఆవిడ దవడ పట్టుకునే. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "ఫైనల్ అయ్యాక తీద్దాం. పది రోజులేగా. పంటి బిగువున లాగేస్తాను," అంది.

"ఆ బిగువుకి ఉండాల్సిన పన్నే కదా పాడయింది! చిగురు కింద చీము చేరుతోంది టీచర్. ఇంకా వాచిందంటే ఆదివారం మీరు మైదానంలో కాదు, ఆస్పత్రి మంచం మీద ఉంటారు. రెండు రోజులు మాత్రలు వేసుకోండి. శనివారం తీసేస్తాను. ఫైనల్ నాటికి ఎనిమిది రోజులుంటాయి. చెప్పింది చెప్పినట్టు వింటే ఎనిమిది రోజులు సరిపోతాయి."

"వినకపోతే?"

డాక్టరమ్మ నవ్వింది. "నా పదో క్లాసులో పెనాల్టీ గీత దగ్గర వినకపోతే మీరేం చేశారు? రెడ్ కార్డ్ చూపించారు. నేను మూడు రోజులు ఏడ్చాను."

శనివారం పొద్దున పన్ను తీశారు. అరగంట పట్టింది. ఆవిడ నోటినిండా గాజ్ గుడ్డ, దవడ సగం మొద్దుబారి ఉంది. మాట్లాడకూడదు. కాబట్టి జాగ్రత్తలన్నీ భర్తకీ అత్తగారికీ చెప్పారు. ఆవిడ కుర్చీలో కూర్చుని, తన గురించి తను లేనట్టు మాట్లాడుతుంటే వింటోంది.

"ఈ గుడ్డని ముప్పావుగంట గట్టిగా కరిచి పట్టుకోవాలి. మాటిమాటికీ తీసి చూడకూడదు. పన్ను ఉన్న చోట గుంట ఉంది. అందులో రక్తం గడ్డకట్టి మూతలా కూర్చుంటుంది. ఆ మూత కింద ఎముకా, నరాలూ ఉంటాయి. మూత ఊడిందా, గాలి తగిలి ప్రాణం పోయినంత నొప్పి."

భర్త కళ్ళు మెరిశాయి. "అంటే కుక్కర్ మూతకి గ్యాస్కెట్ లాంటిదన్నమాట!"

"అదే అంకుల్. గ్యాస్కెట్."

"గ్యాస్కెట్ జారకుండా ఉండాలంటే లోపల పీడనం మారకూడదు. ఊదకూడదు, పీల్చకూడదు."

"మీకు నేను చెప్పక్కర్లేదు. ఊదకూడదు, పీల్చకూడదు, ఉమ్మకూడదు. స్ట్రాతో ఏమీ తాగకూడదు. లాలాజలం వస్తే తల వంచి దానంతటదే జారనివ్వాలి. ఇవాళంతా దవడ మీద ఐసు మూట, పావుగంట పెట్టి పావుగంట తీయాలి. వేడివేడిగా ఏదీ వద్దు. పడుకున్నప్పుడు తల ఎత్తుగా ఉండాలి. రేపట్నించి గోరువెచ్చని ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని, పుక్కిలించకుండా తల అటూ ఇటూ వంచి వదిలేయాలి. మందులు నొప్పి వచ్చాక కాదు, టైముకి వేసుకోవాలి." ఇక్కడ ఆగి, ఆవిడ మెడలోని నల్లతాడు వైపు చూసింది. "విజిల్ ఏడు రోజులు ముట్టుకోకూడదు. ఎనిమిదో రోజు పొద్దున వచ్చి చూపించండి. నేను సరేనంటేనే నోట్లో పెట్టుకోవాలి."

ఆవిడ గుడ్డ కరిచిపట్టుకుని తల ఊపింది. మొహంలో మాత్రం ఆట ఇంకో నిమిషంలో మొదలయ్యేటప్పటి వెలుగే ఉంది.

*

ఇంటికి వచ్చాక ఆవిడకి ఒక సంగతి తెలిసొచ్చింది. నోరు లేకుండా ఇంట్లో బతకడం చాలా కష్టం. రాసి చూపిద్దామంటే అత్తగారి కళ్ళద్దాలు ఎప్పుడూ చేతికి దొరకవు. సైగలు చేస్తే భర్తకి అన్నీ తప్పుగానే అర్థమవుతాయి. నీళ్ళు కావాలంటే దుప్పటి తెచ్చాడు. చివరికి బడి సంచీలోంచి, ఆటలో తప్పు చేసినవాళ్ళకి చూపించే పసుపు, ఎర్ర కార్డులు తీసింది.

అత్తగారు పొగలు కక్కుతున్న సూపు గిన్నె తెచ్చి పక్కన పెట్టారు. పసుపు కార్డ్.

"ఏమిటది?"

గిన్నె వైపు వేలు, తర్వాత గాల్లో పొగ చూపించే సైగ.

"వేడిగా ఉంటే చల్లారిపోతుంది. దానికింత రంగురంగుల అట్టముక్కా?" అంటూ విసుక్కుని, గిన్నెని కిటికీలో పెట్టారు. పావుగంట తర్వాత చెంచాతో నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం. ఎర్ర కార్డ్.

అత్తగారు ఆ కార్డుని చూశారు. కోడలిని చూశారు. ముందుకి వంగి, చేతిలోంచి రెండు కార్డులూ లాక్కుని చీర కుచ్చిళ్ళలో దోపుకున్నారు.

"నా ముప్పై రెండు పళ్ళూ ఒకటొకటే ఊడాయి. ఒక్కరోజు మంచమెక్కలేదు. ఒక్క పన్నుకి ఇంత ఆర్భాటమా! ఇకనుంచి ఈ ఇంటికి రిఫరీని నేను."

ఆ మాట ఉత్తదే అనుకుంది ఆవిడ. కానీ అత్తగారు ముసలితనంలో కొత్త కొలువు దొరికినవాళ్ళలా విజృంభించారు. ఆదివారం పొద్దున ఆవిడ అలవాటుగా సింకు దగ్గర ఉమ్మబోతే, తలుపు పక్కనుంచి పసుపు కార్డ్. మధ్యాహ్నం పక్కింటావిడ చూడటానికి వస్తూ తెచ్చిన పళ్ళరసం గ్లాసులో స్ట్రా ఉంటే, ఆవిడ పెదాలకి తగలకముందే స్ట్రా లాగిపారేసి, పక్కింటావిడకి పసుపు కార్డ్. నొప్పి తగ్గిందని మాత్ర మానేద్దామనుకుంటే పసుపు కార్డ్. ఐసు మూట పెట్టుకున్నది పెట్టుకున్నట్టు నిద్రపోతే భుజం తట్టి మరీ పసుపు కార్డ్.

"రెండు పసుపులు కలిస్తే ఎరుపు కదా అత్తయ్యా," అంది ఆవిడ సోమవారం నాటికి మాట కొంచెం తిరిగాక. "ఇప్పటికి ఏడు అయ్యాయి. నన్ను ఎప్పుడో బయటికి పంపించెయ్యాలి."

"పంపిస్తే ఎక్కడికి పోతావు? బయట ఉమ్మేస్తావు. కూర్చో."

విజిల్‌ని కూడా అత్తగారే తీసుకున్నారు. మెడలోంచి తాడు తీయించి, తన బీరువాలో పెట్టి, తాళం కొంగుకి కట్టుకున్నారు. ఆవిడ మారుమాట్లాడకుండా ఇచ్చేసింది. అంత సులువుగా ఎందుకిచ్చిందో అత్తగారు ఆలోచించి ఉండాల్సింది.

*

మంగళవారం నాటికి వాపు సగానికి తగ్గింది. చెంప మీద పసుపుపచ్చని మచ్చ ఒకటి మిగిలింది. మెత్తటి అరటిపండు చెంచాతో తింటే రుచి తెలుస్తోంది. నొప్పి అలిసిపోయి వెళ్ళిపోయింది. ఆవిడ ఒళ్ళంతా ఉత్సాహమే. ట్రాక్ సూటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి చేతులతో సైగలు సాధన చేసింది. ఫ్రీ కిక్. కార్నర్. పెనాల్టీ. పెనాల్టీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నిటారుగా చాచి, ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. వేలమంది కళ్ళు ఆ వేలి కొసన ఉన్నట్టే అనిపించింది.

వాళ్ళ ఇంటి వెనకే అట్టపెట్టెలు చేసే కార్ఖానా ఉంది. మధ్యాహ్నం భోజనం గంటలో పనివాళ్ళంతా పెరట్లో బంతాట ఆడతారు. రెండు వైపులా పెట్టెల దొంతరలే గోల్ స్తంభాలు. ముప్పై, నలభై ఏళ్ళ మగవాళ్ళు, బనీన్ల మీద, గెలిచినవాళ్ళకి ఏమీ దక్కని ఆటని ప్రాణాల మీదికి తెచ్చుకుని ఆడతారు. ఏళ్ళ తరబడి ఆవిడ పై అంతస్తు కిటికీలోంచి చూస్తూ, తప్పులు అరిచి చెబుతూ ఉంటుంది. ఆ రోజు కూడా కిటికీ రెక్క తీసి, గట్టు మీద మోచేతులు ఆన్చి చూస్తోంది.

పొట్టివాడొకడు, జిగురు పట్టే యంత్రం దగ్గర పనిచేసేవాడు, బంతితో దూసుకుపోతున్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. వెనకనుంచి బరువులు మోసే లావుపాటాయన పరుగెత్తుకొచ్చి, బంతిని వదిలేసి, రెండు కాళ్ళూ చాచి వాడి మడమల మీదికి జారాడు. పొట్టివాడు గాల్లోకి లేచి మొహం బోర్లా పడ్డాడు.

ఆ తర్వాత జరిగింది ఆవిడ చేసిందని చెప్పడం కష్టం. చెయ్యి చేసింది. తన వృత్తి తెలిసిన ఏ రిఫరీ ఒక్క విజిల్‌తో మైదానంలోకి దిగదు. మొదటిది మొరాయిస్తే రెండోది జేబులో సిద్ధంగా ఉండాలి. ఆవిడ ట్రాక్ సూటు కుడి జేబులో పద్నాలుగేళ్ళుగా ఆ రెండో విజిల్ ఉంది. అత్తగారు బీరువాలో పెట్టింది మొదటిదే. చెయ్యి జేబులోకి పోయింది, విజిల్ పెదాల మధ్యకి వచ్చింది, ఊపిరి మొత్తం ఒక్కసారిగా బయటికి వెళ్ళింది.

కుర్‌ర్‌ర్‌ర్!

పెరట్లో అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. లావుపాటాయన చేతులు ఎత్తేశాడు.

"మేడమ్ చూశారు! నేను చెప్పలేదూ, మేడమ్ చూస్తారని!" అని పొట్టివాడు నేల మీదనుంచే సంబరంగా అరిచాడు.

మేడమ్ మాత్రం చెయ్యి చాచలేదు. విజిల్ ఇంకా పళ్ళ మధ్యనే ఉంది. కుడివైపు లోపల ఏదో మెల్లిగా జారినట్టయింది. నాలుక మీద ఇనుము రుచి.

ఆవిడ సింకు దగ్గరికి పరుగెత్తి, ఉమ్మబోయి, ఆగింది. ఉమ్మకూడదు. తల వంచి జారనిచ్చింది. ఎర్రగా ఉంది. డాక్టరమ్మ ఇచ్చిన పొట్లంలోంచి గాజ్ గుడ్డ తీసి, తడిపి, మడిచి, గుంట మీద పెట్టి కరిచి కూర్చుంది. నిటారుగా, తల ఎత్తి. గడియారం చూస్తూ. ముప్పై నిమిషాలు.

పదో నిమిషానికి అత్తగారు తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యారు. కుచ్చిళ్ళలోంచి ఎర్ర కార్డ్ తీసి, చెయ్యి ఎంత పైకి లేస్తే అంత పైకెత్తి చూపించారు.

*

రక్తం అరగంటలో ఆగింది. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. బుధవారం మధ్యాహ్నానికి మాత్రం దవడలో డోలు మోగడం మొదలైంది. చెవిలోకి, కణతలోకి, మెడలోకి. మాత్ర వేసుకున్నా ఊరుకోలేదు. నోటిలో ఏదో చెడువాసన. పన్నుపోటు పగవాడికి కూడా వద్దంటారు, పన్ను లేని చోట పోటు ఇంకా అన్యాయం.

డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, చిన్నగా ఈల వేసింది. "గ్యాస్కెట్ జారింది టీచర్."

గుంటని మెత్తగా కడిగింది. మందులో ముంచిన సన్నటి పట్టీ అందులో సర్దింది. పది నిమిషాల్లో డోలు చప్పుడు దూరం జరిగి, పక్క వీధిలో మోగుతున్నట్టయింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, అడగవలసింది అడిగింది.

"ఆదివారం?"

"నడవండి. పరుగెత్తండి, అలుపు రాకపోతే. మాట్లాడండి. ఊదడం మాత్రం ఇంకో పది రోజులు కుదరదు. పట్టీ మార్చడానికి ఎల్లుండి రండి."

"ఒక్క ఆటే కదమ్మా. మెల్లిగా ఊదితే..."

"మెల్లిగా ఊదిన విజిల్ ఎవరికి వినపడుతుంది టీచర్? నాకు ఆ రోజు మీరేమన్నారో గుర్తుందా? 'నువ్వంటే నాకిష్టమే, కానీ గీత గీతే' అన్నారు."

తన మాటే తిరిగొచ్చి తన ముందు నిలబడింది. ఆవిడ సంచీ తీసుకుని లేచింది.

ఇంటికి వచ్చి, ఎక్కువ ఆలోచిస్తే ధైర్యం పోతుందని, వెంటనే లీగ్ కార్యదర్శికి ఫోన్ చేసింది. దాచలేదు. పన్ను తీయించుకోవడం, కిటికీ, విజిల్, అన్నీ చెప్పింది. కార్యదర్శి పెద్దమనిషి, ఒకప్పుడు గోల్‌పోస్టులకి తనే సున్నం కొట్టినవాడు.

"అమ్మా, నీ పేరు కోసం నేను కమిటీలో ఎంత పోట్లాడానో నీకు తెలీదు. సరే. శనివారం మధ్యాహ్నం పన్నెండింటి దాకా వేరేవాళ్ళ పేరు రాయను. అప్పటికి నువ్వు ఆట ఆపగలవా లేదా నాకు చెప్పు. ఆపలేని రిఫరీ నాకెందుకూ?"

ఫోన్ పెట్టేసి, మొహం మోకాళ్ళలో పెట్టుకుని కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది. భర్త వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఓదార్చడం ఆయనకి చేతకాదు. చేతకాని పని ఎప్పుడూ చెయ్యడు.

"ఆ రెండో విజిల్ ఇలా ఇయ్యి," అన్నాడు చివరికి.

"దేనికి? విరగ్గొడతారా?"

"విజిల్ అంటే ఏంటి? సన్నటి సందులోంచి గాలి వేగంగా పోవడం. అంతేనా? ఇరవై ఏళ్ళుగా నేను విజిళ్ళతోనే బతుకుతున్నాను. ఒక్క కుక్కరుకీ నోరు లేదు. అయినా వీధి చివరికి వినపడుతుంది."

ఆవిడ తలెత్తి చూసింది.

"గాలి నీ నోట్లోంచే రావాలని ఎవరన్నారు?" అన్నాడాయన.

*

గురువారం కొట్టు సగం తలుపు వేసి ఉంది. గ్యాస్ పొయ్యి తెచ్చినవాళ్ళని "రేపు రండి" అని పంపేశాడు. ఎవరో పాత లారీ డ్రైవరు దగ్గరనుంచి, వెనకటి కాలం హారన్‌కి ఉండే నల్లటి రబ్బరు బుడ్డి ఒకటి తెచ్చాడు. దాని మూతికి విజిల్‌ని బిగించాడు. నొక్కితే బాతు తుమ్మినట్టు వచ్చింది.

"లీకు," అన్నాడు ఆనందంగా. లీకు అన్న మాట ఆయనకి ఎప్పుడూ ఆనందమే.

సబ్బునురుగు పూసి నొక్కాడు. విజిల్ మెడ దగ్గర బుడగలు లేచాయి. కుక్కర్ గ్యాస్కెట్ రబ్బరు సన్నగా కోసి చుట్టి, తీగతో కట్టాడు. ఈసారి కూత వచ్చింది, కానీ ఒక్కసారే. బుడ్డిలోకి మళ్ళీ గాలి నిండేలోపు రెండో కూత రావడం లేదు.

"ఆట ముగిసేటప్పుడు మూడు కావాలండీ," అంది ఆవిడ. మంచం మీద ఉండవలసిన మనిషి, రెండు దిండ్లు తెచ్చుకుని కొట్లోనే స్టూలు మీద చేరబడి ఉంది. "చిన్నది, చిన్నది, పొడుగుది."

"మూడూ వస్తాయి." బుడ్డి వెనక పావలా కాసంత రంధ్రం చేశాడు. లోపలినుంచి రబ్బరు రేకు ఒకటి తలుపులా అతికించాడు. నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుని గాలి పీలుస్తుంది. శుక్రవారం సాయంత్రానికి కొట్లోంచి వరసగా మూడు కూతలు వినపడ్డాయి. చిన్నది, చిన్నది, పొడుగుది. పై అంతస్తులో అత్తగారు బీరువా తాళం చూసుకున్నారట, మొదటి విజిల్ గానీ బయటికి వచ్చిందా అని.

శనివారం పొద్దున పదకొండింటికి ఖాళీ మైదానం. కార్యదర్శి అవతలి మూల జెండా దగ్గర నిలబడ్డాడు. వినపడితే చేతిరుమాలు ఎత్తుతానన్నాడు. ఆవిడ ఇవతలి మూల. మధ్యలో అట్టపెట్టెల కార్ఖానా వాళ్ళు పదిహేనుమంది. సెలవురోజున పిలవకుండానే వచ్చారు. తప్పు తమదేనని వాళ్ళ బాధ. వాళ్ళ పని ఆడటం కాదు, గోల చెయ్యడం. ఫైనల్ నాటి జనం చేసేంత గోల.

ఆవిడ నొక్కింది. కూత వచ్చింది. కానీ పదిహేను గొంతుల్లో కలిసిపోయింది. రుమాలు లేవలేదు.

ఇంకోసారి. లేవలేదు.

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి సబ్బుముక్క తీసి, నీళ్ళసీసా మూతలో నురుగు చేస్తున్నాడు. విజిల్ చుట్టూ పూశాడు. నొక్కాడు. గ్యాస్కెట్ ముడి పక్కన గుండుసూది తలకాయంత బుడగ.

"దొంగ దొరికాడు," అన్నాడు. తీగ విప్పి, రబ్బరు ఇంకో చుట్టు తిప్పి, పళ్ళతో లాగి బిగించాడు. "చూడు, నా పళ్ళు బాగానే ఉన్నాయి."

టైము పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. కార్ఖానా వాళ్ళు గొంతులు చించుకుంటున్నారు. లావుపాటాయన ఒక్కడే నలుగురి పెట్టు. ఆవిడ బుడ్డిని అరచేతిలో ఇముడ్చుకుని, బొటనవేలు సరిచూసుకుని, మొత్తం చేతి బలంతో నొక్కింది.

కుర్‌ర్‌ర్‌ర్!

కూత మైదానాన్ని నిలువునా కోసేసింది. గోల టక్కున ఆగిపోయింది. అవతలి మూలలో తెల్లరుమాలు లేచింది. లేవడమే కాదు, పెద్దమనిషి దాన్ని పిచ్చిపట్టినట్టు గాల్లో తిప్పుతున్నాడు.

ఆవిడ ఎగిరి గంతేసింది. దవడ ఏమీ అనలేదు.

*

ఆదివారం నాలుగింటికి రెండు జట్ల నాయకులూ ఆవిడ చేతిలోని నల్లబుడ్డిని చూసి నవ్వారు. పావుగంట తర్వాత నవ్వడం మానేశారు. ఎందుకంటే దాని కూతకి ఒక గుణం ఉంది. మనిషి ఊపిరిలో ఉండే తడబాటు ఉండదు. నొక్కిందంటే నొక్కింది, ఇక వాదన లేదు.

ముప్పై ఒకటో నిమిషంలో నీలం జట్టువాడిని గోలు ముందు వెనకనుంచి పడేశారు. కిటికీలోంచి చూసిన ఆ మంగళవారమే మళ్ళీ కళ్ళ ముందు జరిగినట్టయింది. ఆవిడ ఎడమ చెయ్యి పాత అలవాటుగా పెదాల దాకా వెళ్ళింది. ఖాళీగా. కుడి చెయ్యి అప్పటికే నొక్కేసింది. ఎడమ చెయ్యి సిగ్గుపడి, కిందికి దిగి, నిటారుగా పెనాల్టీ గీత వైపు చాచుకుంది. గ్యాలరీ లేచి నిలబడింది. సగంమంది తిట్టారు, సగంమంది పొగిడారు. ఫైనల్లో రిఫరీకి దక్కే గౌరవం అదే. పద్నాలుగేళ్ళుగా ఆవిడ ఎదురుచూసింది సరిగ్గా ఆ గోల కోసమే.

తొంభై నిమిషాలు దాటాక, చివరి బంతి గీత దాటి బయటికి వెళ్ళగానే, ఆవిడ మైదానం నడిమధ్యన నిలబడి నొక్కింది. చిన్నది. చిన్నది. పొడుగుది. పొడుగుదాన్ని బుడ్డిలో గాలి ఉన్నంతసేపూ వదల్లేదు.

గెలిచినవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఓడినవాళ్ళు గడ్డి మీద పడుకున్నారు. కార్యదర్శి కళ్ళద్దాలు తుడుచుకుంటూ లోపలికి నడిచి వస్తున్నాడు. నీలం జట్టు నాయకుడు చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చి, ఆవిడ చేతిలో నీళ్ళసీసా పెట్టాడు.

"తాగండి మేడమ్. ఆటంటే ఇదీ!"

ఆటగాళ్ళ సీసా అది. మూత మీద గొట్టం ఉంటుంది, పెదాలతో పట్టి పీల్చాలి. ఆవిడ గొంతు ఎండిపోయింది. ఆనందంలో ఒళ్ళు తెలియడం లేదు. సీసా ఎత్తి, గొట్టాన్ని పెదాల దగ్గరికి తెచ్చుకుంది.

తెచ్చుకుని, ఎందుకో గ్యాలరీ వైపు చూసింది.

మూడో వరసలో, కేకలు వేస్తున్న అట్టపెట్టెల కార్ఖానా వాళ్ళ మధ్య, లావుపాటాయన భుజం ఆసరాగా పట్టుకుని అత్తగారు బల్ల ఎక్కి నిలబడి ఉన్నారు. నిటారుగా ఎత్తిన చేతిలో పసుపు కార్డ్ ఎండకి మెరుస్తోంది.

విజిలమ్మ తల వంచి తప్పు ఒప్పుకుంది. సీసా మూత మరతిప్పి ఊడదీసి, పైనించి నోట్లో పోసుకుని, గటగటా తాగింది.